మే ఎండకు ఇల్లు చల్లబడాలంటే: ఏ దిక్కున చెట్టు, ఏ చెట్టు, ఎన్ని నీళ్ళు

ఎండాకాలంలో ఒక రాత్రి ఎనిమిది గంటలకు మీ ఇంటి పడమటి గదిలోకి వెళ్ళి గోడకు అరచేయి ఆనించి చూడండి. పొద్దు గూకి గంట దాటినా ఆ గోడ ఇంకా కాక మీదనే ఉంటుంది. అదే సమయంలో వాకిట్లోకి వచ్చి కానుగ కొమ్మను వంచి ఆకును పట్టుకుంటే చల్లగా తగులుతుంది. ఆ గోడా ఈ ఆకూ పగలంతా ఒకే ఎండలో ఉన్నాయి. గోడ తన మీద పడ్డ వేడిని లోపల దాచుకొని రాత్రంతా మెల్లగా ఇంట్లోకి వదులుతుంది. ఆకు మాత్రం వేర్లు పంపిన నీటిని ఆవిరి చేస్తూ, తన మీద పడ్డ వేడిలో ఎక్కువ భాగాన్ని ఎప్పటికప్పుడు ఖర్చు చేసేసింది. హనుమకొండ, వరంగల్, కాజీపేట మూడూ ఒకే పట్టణంగా కలిసిపోయి, వాకిళ్ళకు సిమెంటు, వీధులకు సీసీ రోడ్లు పడిన కొద్దీ మన రాత్రులు ఎందుకు చల్లబడడం మానేశాయో ఈ ఒక్క పరీక్షతో తెలిసిపోతుంది.

2015 మే నెలలో వీచిన వడగాడ్పులకు తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలో కలిపి రెండు వేల మందికి పైగా చనిపోయారు. అదే ఏడాది జూలైలో హరితహారం మొదలైంది, అప్పటి నుంచి వానాకాలం రాగానే మొక్క నాటడం మనకు అలవాటుగా మారింది. ఇది మంచి అలవాటే, కానీ చోటు చూసుకోకుండా దొరికిన మొక్కను నాటితే ఇల్లు చల్లబడదు. చెట్టు సరైన దిక్కున ఉండాలి, ఎండలు ముదిరిన నెలలో దానికి నిండుగా ఆకు ఉండాలి, ఆ ఆకుకు నీరు అందాలి. ఈ మూడింటిలో ఏది లోపించినా మీ శ్రమలో సగం వృథా అవుతుంది. కింద చెప్పిన పనులను వరుసగా చేసుకుంటూ పోతే రెండు మూడేళ్ళలో తేడా మీకే తెలుస్తుంది, పందిరి వేసుకుంటే వచ్చే ఎండాకాలానికే కొంత తెలుస్తుంది.

ముందుగా నీడను కొలవండి

గడ్డపార పట్టుకునే ముందు ఒక రోజంతా ఎండ మీ ఇంటి మీద ఎలా నడుస్తుందో గమనించండి. వరంగల్ సుమారు 18 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. అందువల్ల మే రెండో వారంలో మధ్యాహ్నం పన్నెండు దాటిన కొద్ది నిమిషాలకు సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు, నిటారుగా పాతిన కర్రకు అప్పుడు నీడే కనిపించదు. ఆ తరువాత జూలై చివరి దాకా మధ్యాహ్నపు సూర్యుడు మనకు కొద్దిగా ఉత్తరం వైపే ఉంటాడు. కాబట్టి ఎండలు ముదిరిన రోజుల్లో దక్షిణపు గోడకు మధ్యాహ్నపు ఎండ తగలదు. నడి పగటి భారమంతా స్లాబు మోస్తుంది, పొద్దున తూర్పు గోడ, సాయంత్రం పడమటి గోడ నేరుగా ఎండను అందుకుంటాయి. తూర్పు గోడ రాత్రి కొంతైనా చల్లారి ఉంటుంది, పైగా ఉదయపు గాలి ఇంకా కాగి ఉండదు. పడమటి గోడకు ఆ వెసులుబాటు లేదు. గాలి అప్పటికే 42, 43 డిగ్రీలకు చేరిన వేళ దాని మీద ఏటవాలు ఎండ పడుతుంది, ఆ వేడి లోపలికి చేరేసరికి మీరు పడుకునే సమయమవుతుంది.

ఇంకొక సంగతి కూడా ఉంది. మే చివర పొద్దు గూకేది నేరుగా పడమటి దిక్కున అనుకుంటాం గాని, ఆ రోజుల్లో సూర్యుడు పడమర నుంచి ఉత్తరం వైపు 20 డిగ్రీలకు పైగా జరిగి అస్తమిస్తాడు. అందుచేత చెట్టుకు చోటు వెతకవలసింది పడమట, వాయవ్యాన. వాస్తు చూసుకునే ఇళ్ళలో పెద్ద చెట్టును ఈశాన్యాన వద్దని, పడమటి వైపు ఉండవచ్చని చెబుతారు కనుక ఇంట్లో పెద్దలను ఒప్పించడం కూడా కష్టం కాదు.

ఆరడుగుల వెదురు బొంగును వాకిట్లో పాతి, మూడు, నాలుగు, అయిదు గంటలకు దాని నీడ కొస దగ్గర ఒక్కొక్క రాయి పెట్టండి. మే నెల నడుమ మన దగ్గర మూడింటికి నీడ బొంగు ఎత్తుకన్నా కొంచెం తక్కువగా, నాలుగింటికి దాదాపు ఒకటిన్నర రెట్లుగా, అయిదింటికి రెండున్నర రెట్లుగా పడుతుంది. ఆ లెక్కన ఇరవై అడుగుల చెట్టు గోడకు పది పన్నెండు అడుగుల దూరంలో ఉన్నా నాలుగింటికి దాని నీడ ఒక అంతస్తు గోడంతా ఎక్కుతుంది. గోడకు ఆనించి నాటవలసిన అవసరం ఏమీ లేదు, పునాదికి, సంపుకు, సెప్టిక్ ట్యాంకుకు దూరంగా చోటు చూసుకోవచ్చు. పడమట పక్కవారి ఇల్లు మీ ఇంటికి ఆనుకొని ఉంటే ఆ గోడకు నీడ ఉన్నట్టే, మీ శ్రమనంతా స్లాబు మీద పెట్టండి.

మే నెలలో ఆకు ఉన్న చెట్టునే ఎంచుకోండి

నర్సరీలో జూన్, జూలై నెలల్లో అన్ని మొక్కలూ పచ్చగానే ఉంటాయి. అక్కడ చూసి నిర్ణయించుకుంటే పొరపడతారు. ఏ చెట్టు కావాలో మే నెలలో, మీ ఊరి వీధుల్లో తిరుగుతూ తేల్చుకోండి. డబ్బు వస్తుందని ప్లాటు చుట్టూ టేకు పెట్టిన వారు మన దగ్గర చాలా మంది ఉన్నారు. టేకు మంచి కలపే, కాని సరిగ్గా నీడ కావలసిన నెలల్లో అది బోసి కొమ్మలతో నిలబడి ఉంటుంది. ఎర్ర తురాయి మే నెలలో కన్నుల పండువగా పూస్తుంది, నీడ మాత్రం పలచనే, పైగా గాలివానకు దాని కొమ్మలు తేలికగా విరుగుతాయి.

నన్నడిగితే పడమటి వైపు నాటడానికి మొదటి చెట్టు కానుగ. ఉగాదికి ముందు వెనుకల్లో పాత ఆకు రాల్చి, ఎండలు ముదిరేసరికి నిగనిగలాడే కొత్త ఆకుతో గొడుగులా నిలుస్తుంది. చలక నేల అయినా రేగడి అయినా బతుకుతుంది, పశువులు అంతగా ముట్టవు. దాని తరువాత వేప. 2021లో తెలంగాణ అంతటా వేప కొమ్మలు కొసల నుంచి మాడిపోయినప్పుడు చెట్టు చచ్చిందనుకొని నరికించిన వారిని నేను చూశాను. అది లేత కొమ్మలను ఎండబెట్టే శిలీంధ్రపు తెగులు, చాలా చెట్లు తరువాతి చిగురు కాలానికి తేరుకున్నాయి. మీ వేపకు మళ్ళీ అలా జరిగితే ఎండిన కొసలను కత్తిరించి దూరంగా పారేసి, ఇంకొక ఉగాది దాకా ఆగండి.

నూటయాభై, రెండు వందల గజాల ఇంట్లో చోటు ఇరుకు కాబట్టి పొగడ సరిపోతుంది, మెల్లగా పెరిగినా ఏడాది పొడవునా దట్టమైన ఆకు ఉంటుంది. పెద్ద వాకిలి ఉన్నవారు మామిడి, నేరేడు పెట్టుకోవచ్చు. తొందరగా నీడ కావాలంటే సింగపూర్ చెర్రీ నాటి, దాని నీడలో కానుగను ఎదగనిచ్చి, నాలుగైదేళ్ళకు చెర్రీని తీసేయండి. రావి, మర్రి చల్లదనంలో దేనికీ తీసిపోవు, అయినా వాటి చోటు చెరువు కట్ట మీద, గుడి ముందర, ఊరి కచ్చీరు దగ్గర. ఇంటి దగ్గర వాటి వేర్లు గోడను చీలుస్తాయి. రోడ్ల నడుమ వేగంగా పెరుగుతుందని వేసే కోనోకార్పస్ జోలికి మాత్రం వెళ్ళకండి. గుజరాత్ ప్రభుత్వం 2023లో ఆ మొక్కను నిషేధించింది. దాని పుప్పొడి శ్వాసకోశ బాధలు పెంచుతుందని, వేర్లు డ్రైనేజీ, నీటి పైపుల్లోకి చొచ్చుకుపోతాయని దాని మీద ఉన్న ఫిర్యాదులు.

గుంత, నాటే వేళ

మే నెలలో మొక్క నాటకండి, గుంత మాత్రం అప్పుడే తవ్వి ఎండనివ్వండి. మన కొత్త కాలనీల్లో ప్లాట్లను చాలా వరకు మొరంతో నింపుతారు కాబట్టి రెండడుగుల పొడవు, వెడల్పు, లోతు గుంత తవ్వి, తీసిన మొరాన్ని తిరిగి పోయకుండా ఎర్రమట్టి, బాగా చివికిన పశువుల ఎరువు కలిపి నింపండి. చెదలకు రెండు మూడు గుప్పెళ్ళ వేప పిండి వేయండి. మృగశిర కార్తె వచ్చి ఒకటి రెండు గట్టి వానలు పడ్డాక, నల్ల కవరును పూర్తిగా చించి తీసేసి, నడుము ఎత్తుకు తగ్గని మొక్కను నాటి, వెదురు కర్రకు వదులుగా కట్టి, మేకలకు అందకుండా చుట్టూ తుమ్మ కంప వేస్తే చాలు.

నీరే అసలు సంగతి

మనం ఇంట్లో పెట్టుకునే కూలర్‌ను గుర్తు చేసుకోండి. దాని గడ్డి మీద నీరు కారుతున్నంత సేపు చల్లగాలి వస్తుంది, నీరు అయిపోయిన మరుక్షణం వేడిగాలే వస్తుంది. చెట్టూ అంతే. ఒక లీటరు నీరు ఆవిరి కావడానికి సుమారు 0.68 యూనిట్ల కరెంటుకు సమానమైన వేడి ఖర్చవుతుంది. ఇరవై లీటర్ల బకెట్ నీటిని చెట్టు ఆకుల ద్వారా ఆవిరి చేస్తే పదమూడు యూనిట్లకు పైగా వేడి చుట్టుపక్కల నుంచి తీసేసినట్టు. ఒకటిన్నర టన్నుల ఏసీ నిండుగా పనిచేస్తే గంటకు గది నుంచి లాగే వేడి అయిదు యూనిట్లకు కాస్త పైన ఉంటుంది కాబట్టి ఆ ఒక్క బకెట్ రెండున్నర గంటల ఏసీతో సమానం. ఆ చల్లదనమంతా మీ గదిలోకి రాదు, గాలితో పాటు వీధంతా పరచుకుంటుంది. అయితే ఏసీ గదిలోని వేడిని తీసి వీధిలోకి నెడుతుంది, చెట్టు వీధిలోని వేడినే తగ్గిస్తుంది. ఒక ఇంటి వాకిట్లోని చెట్టుకు పక్కింటివారు కూడా సంతోషించవలసిన కారణం ఇదే.

నేల ఎండిపోయినప్పుడు చెట్టు తన ప్రాణం కాపాడుకోవడానికి ఆకుల మీది సన్నని రంధ్రాలను మూసుకుంటుంది. ఆ స్థితిలో అది నీడ మాత్రమే ఇవ్వగలదు. వడగాడ్పు వీచే రోజుల్లో, అంటే మన చల్లదనం అవసరం ఎక్కువగా ఉన్న రోజుల్లోనే ఇలా జరుగుతుంది కాబట్టి పెరిగిన చెట్టుకు నీళ్ళెందుకు అని వదిలేయకండి. ఏప్రిల్, మే నెలల్లో వారానికి ఒకసారైనా నేల లోపలి దాకా నానేట్టు నీరు పెట్టండి. మొదలు దగ్గర పోస్తే పెద్ద చెట్టుకు ప్రయోజనం తక్కువ. నీరు తాగే సన్న వేర్లు కొమ్మల కొసల కింద ఉంటాయి కాబట్టి అక్కడ చుట్టూ లోతు తక్కువ కాలువలా తీసి పారించండి. సాయంత్రం ఎండ దిగాక గానీ తెల్లవారుజామున గానీ పోస్తే నేల నుంచి వృథాగా ఆవిరి కాదు.

నాటిన మొదటి ఎండాకాలం చిన్న మొక్కకు రెండు మూడు రోజులకొకసారి పది లీటర్లు కావాలి. ఇక్కడ ఒక పాత పద్ధతి బాగా పనికొస్తుంది. కుమ్మరి కాల్చి ఇచ్చిన, నిగారింపు పూత లేని మట్టి కుండను మొక్కకు అడుగు దూరంలో మెడ దాకా పాతిపెట్టి, నీటితో నింపి, దోమలు గుడ్లు పెట్టకుండా మూకుడు మూయండి. కుండ గోడల నుంచి నీరు చెమర్చి వేర్లకు నేరుగా అందుతుంది. కొన్నాళ్ళకు వేర్లు ఆ కుండను వెతుక్కుంటూ వస్తాయి. మా ఇంట్లో మూడేళ్ళ తరువాత ఒక కుండను తవ్వి తీస్తే దాని ఒంటికి సన్న వేర్లు వల అల్లినట్టు చుట్టుకొని ఉన్నాయి, కుండను విడదీయడానికి మనసు రాక అలాగే పాతిపెట్టాము.

పాదులో నాలుగు వేళ్ళ మందాన వరిగడ్డి, ఎండుటాకు, లేదా రైస్ మిల్లులో దొరికే ఊక పరవండి. మొదలుకు మాత్రం జానెడు దూరం వదలండి, లేకపోతే చెదలు పడతాయి. రాలిన ఆకును ఊడ్చి వీధి మూలన తగలబెట్టే అలవాటును దయచేసి మానండి, అది మీ చెట్టుకు కప్పవలసిన దుప్పటి.

నల్లా నీళ్ళు తాగడానికే చాలని ఇంట్లో చెట్టుకు నీళ్ళెక్కడివని అడగవచ్చు. బియ్యం, పప్పు కడిగిన నీళ్ళు, స్నానాల గది నీళ్ళు, ఏసీ నుంచి చుక్కలు చుక్కలుగా కారే నీళ్ళు ఒక ఇంట్లో రోజుకు ఎన్ని బకెట్లవుతాయో ఒకసారి పట్టి చూడండి. నీటి శుద్ధి యంత్రం వదిలే నీటిలో ఉప్పు ఎక్కువ కాబట్టి దాన్ని మంచినీటితో సగానికి సగం కలిపి కానుగ, వేపల వంటి గట్టి చెట్లకే పోయండి. బట్టల సబ్బు నురగ ఎక్కువగా ఉన్న మొదటి నీళ్ళు వద్దు, జాడించిన నీళ్ళు ఫరవాలేదు.

గదిలో కుండీలు పెట్టుకుంటే గది చల్లబడుతుందన్న మాటను నమ్మి డబ్బు పోసుకోకండి. నాలుగు కుండీలు ఆవిరి చేసే నీరు చాలా తక్కువ, తలుపులు మూసిన గదిలో ఆ తేమ ఉక్కపోతగా మారుతుంది. మే నెలలో మన గాలి పొడిగా ఉంటుంది కాబట్టే బయటి చెట్లు ఇంతగా పనిచేస్తాయి.

చెట్టు ఎదిగేలోగా పందిరి

గుడిసెల కాలంలో మన పల్లెల్లో కప్పు మీదికి ఆనపకాయ తీగ పాకని ఇల్లు తక్కువ. కాయ కోసమని వేసినా అది ఇంటికి గొడుగు పట్టేది. అదే పనిని స్లాబు మీద చేయవచ్చు. సంక్రాంతి వెళ్ళాక విత్తనం పెడితే ఆనప, బీర, కాకర మార్చి చివరికి పందిరి ఎక్కుతాయి. ప్రతి ఏడూ విత్తే ఓపిక లేకపోతే దొండ మేలు. జానెడు తీగ ముక్కను గుచ్చితే వేరు పట్టి ఏళ్ళ తరబడి ఉంటుంది, ఎండకు వెరవదు. తీగ బచ్చలి కూడా అంతే. పూలు కావాలంటే రాధామనోహరం పెట్టుకోండి.

పందిరిని స్లాబు నుంచి ఏడడుగుల ఎత్తున, వెదురుతో గానీ ఇనుప పైపులతో గానీ వేయండి. ఆకుల కప్పుకు, స్లాబుకు నడుమ గాలి ఆడాలి, మనిషి నిలబడి కాయ కోసుకోవాలి. మధ్యాహ్నం ఎండలో కప్పు లేని స్లాబు 60 డిగ్రీల దాకా కాగుతుంది, పందిరి కింద ఉన్న స్లాబు మీద అదే వేళ చెప్పుల్లేకుండా నిలబడగలుగుతారు. బరువు విషయంలో జాగ్రత్త అవసరం. ఒక ఘనపుటడుగు తడి మట్టి యాభై కిలోల దాకా తూగుతుంది, కాబట్టి తొట్లను స్లాబు నడిమధ్యన కాకుండా పిట్టగోడ వెంట, కింద పిల్లరు ఉన్న మూలల్లో పెట్టండి. తొట్టి కింద రెండేసి ఇటుకలు పెడితే నీరు నిలవదు, స్లాబు చెమ్మ పట్టదు. మట్టిలో సగం కొబ్బరి పొట్టు, ఎరువు కలిపితే బరువు తగ్గుతుంది.

రేకుల ఇంటివారు తీగను నేరుగా రేకు మీద పాకించకూడదు, కాగిన రేకు లేత కొసలను మాడుస్తుంది. రేకుకు అడుగు ఎత్తున బొంగులు అడ్డంగా కట్టి వాటి మీద పత్తి కట్టెనో తాటి కమ్మలనో పరిచి, వాటి మీదికి తీగను ఎక్కించండి. నేలలో నాటిన తీగ అయితే ఇంకా మంచిది, తొట్టిలో మట్టి కాగినట్టు నేల కాగదు. పడమటి గోడ పక్కన చెట్టుకు చోటు లేని ఇళ్ళలో కూడా గోడకు అడుగు ఎడంగా తీగల జాలీ నిలబెట్టి దొండను పాకిస్తే నాలుగింటి ఎండ ఆకుల మీదే ఆగిపోతుంది.

వీధిలో ఉన్న చెట్టును బతికించుకోండి

కొత్తగా నాటిన మొక్క పదేళ్ళకు ఇచ్చే నీడను వీధిలో ఉన్న పాత చెట్టు ఇప్పుడే ఇస్తోంది. మా వీధిలో సీసీ రోడ్డు పోసినప్పుడు ఒక పెద్ద వేప మొదలు చుట్టూ బెరడుకు ఆనేట్టు కాంక్రీటు పోసి వెళ్ళారు. రెండో ఏటికి దాని పై కొమ్మలు ఎండడం మొదలైంది. వాన నీరు గానీ గాలి గానీ వేరుకు చేరే దారి లేదని ఆలస్యంగా గ్రహించి, నలుగురం కలిసి గడ్డపారలతో మొదలు చుట్టూ మూడడుగుల మేర కాంక్రీటును పగలగొట్టాము. కింద మట్టి బూడిదలా పొడిగా ఉంది. వేర్లు తెగకుండా చేతులతో గుల్ల చేసి, ఎరువు వేసి, ఆ ఎండాకాలమంతా ఇంటికొక బకెట్ చొప్పున నీరు పోశాము. వానలు పడ్డాక మొదలు నుంచి కాకుండా పై కొమ్మల నుంచే చిగురు వచ్చింది. మీ వీధిలో రోడ్డు పని మొదలయ్యే రోజునే వెళ్ళి, చెట్టు చుట్టూ కనీసం మూడడుగుల మట్టి వదలమని నిలబడి చెప్పించుకోండి, పోసిన తరువాత పగలగొట్టడం చాలా కష్టం.

కరెంటు తీగలకు తగులుతున్న కొమ్మలను ఎండాకాలానికి ముందు నరకడం మన దగ్గర ఆనవాయితీ. తీగకు తగిలే కొమ్మ వరకు తీయడం తప్పదు, చెట్టు తలంతా నరికించడం మాత్రం ఒప్పుకోకండి. మిగతా కత్తిరింపును వానలు మొదలయ్యాక పెట్టుకుంటే ఎండాకాలపు నీడ పోదు. సన్నని గల్లీల్లో తల ఎత్తు కన్నా కింద ఉన్న కొమ్మలను అప్పుడే తీసేస్తే రాత్రి గాలి ఆడి, గోడలు వదిలే వేడి గల్లీలోనే చిక్కుకోకుండా ఉంటుంది. చెట్టును మొత్తంగా నరకాలని ఎవరైనా వస్తే అనుమతి పత్రం చూపమనండి. 2002 నాటి నీరు, భూమి, చెట్ల పరిరక్షణ చట్టం, అంటే మనం వాల్టా అని పిలిచే చట్టం ప్రకారం ముందుగా అనుమతి తీసుకోవాలి. పత్రం లేకపోతే చెట్టును ఫోటో తీసి, అదే రోజు అటవీ శాఖ కార్యాలయంలో, మున్సిపల్ కార్యాలయంలో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోండి.